పిల్లల వంతు

మా హర్షిణి గొంతే ఖాయమైంది! పొద్దున లండన్ నుంచి కబురొచ్చింది, ఆ పాత బొమ్మల ప్రోగ్రాం తెలుగులో మొత్తం మా బిడ్డే చెప్తుంది!

(చప్పట్లు)

క్షమించాలి, ముందు నమస్కారాలు చెప్పాలట, అక్కడ్నుంచి హర్షిణి సైగ చేస్తోంది. అధ్యక్షులు శివశంకర్ గారికి, ఇవాళ రిటైరవుతున్న మన స్టూడియో పెద్దదిక్కు విశ్వేశ్వరరావు గారికి, వారి శ్రీమతి రాజరాజేశ్వరి గారికి, కొత్తగూడ ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చిన మీ అందరికీ ఈ వీరేశం నమస్కారాలు. చదివింది ఏడో తరగతి, లింగంపల్లి స్టేషన్ ముందు బట్టలు ఇస్త్రీ చేసి బతికినవాణ్ణి, మైకు పట్టడం ఇదే మొదలు.

మా బిడ్డకు చిన్నప్పటినుంచీ నత్తి, మాట తట్టుకునేది. "నీ... నీ..." అనేలోపే మా అక్క బుచ్చమ్మ "నీళ్లా బిడ్డా? ఇగో తాగు" అని చెంబు చేతిలో పెట్టేది. పిల్ల అడగబోయింది నీలం గౌను! (నవ్వులు) అందరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలో దానికి ఒక్క మాటైనా పూర్తిచేసే సందు దొరకలేదు, మెల్లగా అడగడమే మానేసింది.

అప్పట్లో కేబుల్‌లో మధ్యాహ్నం ఆ బ్రిటిష్ వాళ్ల పిల్లల ప్రోగ్రాం వచ్చేది. ఊలుతో అల్లిన బొమ్మలు, అట్టముక్కలతో కట్టిన ఊరు, కథ చెప్పే ఒక పెద్దాయన గొంతు. కుక్కపిల్ల ఎక్కడ దాక్కుందో చెప్పమని ఇంగ్లిష్‌లో అడిగి ఆయన ఊరకే ఆగిపోయేవాడు. టీవీ చెడిపోయిందనుకుని నేను దాని నెత్తిన ఒక్కటిచ్చాను.

"ఆ... ఆగు నాయినా, న... నన్ను అడుగుతుండు" అంది.

ఆయన ఇంగ్లిష్‌లో అడిగితే ఇది తెలుగులో, తాపీగా, "మం... మంచం కింద" అని చెప్పేది. అంతా అర్థమైనట్టే ఆయన "గుడ్" అనేవాడు. (నవ్వులు) మా బిడ్డ మాట పూర్తయ్యేదాకా ఆగిన మొదటి మనిషి, మొహమైనా తెలియని ఆ పెద్దాయనే.

ఆ ప్రోగ్రామే తెలుగు చేయడానికి మన స్టూడియోకు వచ్చింది. ఇక్కడ తెలుగు మాటలు రాసే మా బిడ్డ, గొంతు కూడా తానే ఇస్తానంది. నత్తి పిల్లతోనా అని ఎవరూ పైకి అనలేదు, మొహాలే అన్నాయి. రావు గారొక్కరే "చెప్పమ్మా, మనకేం తొందర్లేదు" అన్నారట. ఆ పెద్దాయనలాగే నిదానంగా చెప్తే దానికి మాట ఎక్కడా తట్టుకోలేదు.

అయితే మధ్యలో ఆగే చోట్లన్నీ మన ఎడిటింగ్ జశ్వంత్ బాబు కత్తిరించేశాడు. తల దించుకోకు బాబూ, నాకేం కోపం లేదు. "ఇంత ఖాళీ ఏంటండీ, ఈ కాలం పిల్లలు చూస్తారా?" అన్నాడు. "అది ఖాళీ కాదు, పిల్లల వంతు" అంది హర్షిణి. రావు గారు ఎవరి వైపూ మాట్లాడలేదు. తన చిన్న మనవరాలు రసజ్ఞను తీసుకొచ్చి, కత్తిరించనిది పెట్టి కూర్చోబెట్టారు. హర్షిణి గొంతు ప్రశ్న అడిగి ఆగింది. జశ్వంత్ ఏదో అనబోతే ఆ పిల్ల కసిరింది: "ఉండండి అంకుల్! నన్ను కదా అడిగింది!"

(చప్పట్లు)

ఆ ఆగే చోట్లతోనే రికార్డింగ్ లండన్ వెళ్లింది, అవే బాగున్నాయని ప్రోగ్రాం వాళ్లు రాశారు. రావు గారూ, రేపటినుంచి మీరు ఈ ఆఫీసుకు రారు, అదొక్కటే నా బెంగ. తొందర్లేదు అనే మనిషి ఈ హైటెక్ సిటీలో మళ్లీ ఎక్కడ దొరుకుతాడండీ?

మీకూ, ఇంతసేపు నన్ను ఓపిగ్గా విన్న అందరికీ దండాలు. ఇక ఈ శుభవార్త అందాల్సినవాళ్లు ఉన్నారు. హఫీజ్‌పేట్‌లో బుచ్చమ్మక్క, బావ రామచంద్రం, వాళ్ల కోడలు ప్రవళిక, మా తమ్ముడు ఓంకార్, హర్షిణి మేనమామ సురేష్. పొద్దుటినుంచి చేయి ఫోన్ మీదికే పోతోంది, కానీ నేను చేయను. హర్షిణే చేసి చెప్తుంది. మీరెవరూ ముందే చెప్పేయకండి. మా అక్కకు మాత్రం ఒక్క మాట చెప్పి ఉంచుతా: "ఇయ్యాల పిల్ల ఫోన్ చేస్తది. జర ఆ చెంబు పక్కకు వెట్టి విను."

సెలవు.