ఇంకా ఎక్కలేదు నాన్నా

ఆసుపత్రి గదిలో మంచం మీద నాన్న, పక్క కుర్చీలో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూతురు. ఫోన్ స్పీకర్లో ఆమె ఆఫీసు స్నేహితురాలు. పొద్దున్నుంచీ ముగ్గురూ ఒకే యంత్రంతో వేగుతున్నారు.

“ఎక్కించాననీ అదే అంటోంది, లేదనీ అదే అంటోంది! దీనికేమన్నా మతి పోయిందా?”

“దానికి కాదే, నీకు. స్క్రీన్ మీద ఏముందో సరిగ్గా చదువు.”

“ఇంపోర్ట్ ఎర్రర్. ఆ పేరుతో మాడ్యూల్ ఏదీ లేదట. ఇప్పుడేగా ఇన్‌స్టాల్ చేశాను!”

“ఎవరే పిట్టా, ఆ లేనివాడు?”

“మనిషి కాదు నాన్నా, లైబ్రరీ, ఈ ప్రోగ్రామ్‌కి కావాల్సిన సామాను. నువ్వు కాసేపు మాట్లాడకు. గొంతు దాచుకో.”

“దాచుకుని ఏం చేసుకోను? ఇంకాసేపట్లో కోసి తీసేస్తారుగా.”

“నాన్నా!”

“ఉన్న మాటేగా. జబ్బు పోవాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరే చెప్పాడు.”

“అందుకేగా బాబాయ్ గారూ, మీ అమ్మాయి ఈ తిప్పలు పడుతోంది. మీరు మాట్లాడుతుంటే ఈ ప్రోగ్రామ్ వింటుంది, మీ గొంతు నేర్చుకుంటుంది. తర్వాత మీరు ఫోన్‌లో టైప్ చేస్తే అచ్చం మీలాగే పలుకుతుంది.”

“అచ్చం నాలాగేనా? అయితే బస్టాండులో అనౌన్సర్ ఉద్యోగం మళ్లీ ఇస్తారేమో కనుక్కోమ్మా.”

“ముందు దీని సంగతి తేలనివ్వండి.”

“ఇంత గొడవెందుకే పిట్టా? ఫోన్‌లో రికార్డు చేసుకుంటే పోదూ?”

“నిన్న చేశాగా! ఫోన్ నోటి దగ్గర పెట్టేసరికి ‘ప్రయాణికులకు మనవి’ అని అందుకున్నావ్. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు నాన్నా అంటే ప్లాట్‌ఫారం నంబరు చెప్పావ్.”

“మైకు చూస్తే నాకు అదే వస్తుందే. సర్వీసంతా అదేగా చేసింది.”

“అవే మాటలిస్తే ఇది జన్మంతా బస్సులే పిలుస్తుంది. ఈ ప్రోగ్రామ్ నడిస్తే, ఎంత నేర్చుకుందో, ఇంకా ఎలాంటి మాటలు కావాలో అదే చెబుతుంది. నడిచి చస్తేగా.”

“ఏమే, నీ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు నడిపే పైథాన్‌లు రెండున్నాయా?”

“ఉన్నాయి. ఆఫీసుదొకటి, దీనికోసం విడిగా పెట్టుకున్నదొకటి.”

“అదీ సంగతి! సరుకులు ఒక వంటింట్లో సర్ది, ఇంకో వంటింట్లో డబ్బాలన్నీ వెతుకుతున్నావ్. లైబ్రరీ ఆఫీసు దాంట్లోకి వెళ్లింది. ప్రోగ్రామ్ ఏ పైథాన్‌తో నడుస్తోందో దాని చేతే ఇన్‌స్టాల్ చేయించు.”

“ఛ, నా బుర్ర తగలెయ్య. ఉండు... వస్తోంది... వచ్చింది. నడుపుతున్నా. అబ్బా, మళ్లీ ఎర్రర్!”

“అదేనా?”

“వేరేది. లెక్కలు చేసే లైబ్రరీ ఒకటుంది చూడు, అది మరీ కొత్త వెర్షనట. దీనికి పాతదే కావాలట.”

“కొత్తది తీసేసి పాతది వెయ్. అత్తాకోడళ్లలాగా వాటికీ వాటికీ పడదు.”

“మీ అత్తగారు వింటోందేమో చూసుకోమ్మా.”

“వినే ఉంటుంది బాబాయ్ గారూ, ఆవిడ చెవులు మామూలువి కావు. ఏమే, వచ్చిందా?”

“...”

“ఒసేయ్, వచ్చిందా? నన్ను మీటింగుకి పిలుస్తున్నారు.”

“లేదు. నువ్వెళ్లు.”

“ఈసారి ఏమంటోంది? చదువు.”

“నేను చూసుకుంటాలే. పెట్టెయ్. తర్వాత చేస్తా.”

“కాలేదా పిట్టా?”

“ఇంకా ఎక్కలేదు నాన్నా.”

“మరి నా దిండు పక్కన పెట్టిన ఈ మైకు?”

“దాని మానాన అది పడుంది. నువ్వు దానికేసి చూడకు, పడుకో.”

“పడుకుంటే ఏవేవో ఆలోచనలు. మీ అమ్మ ఉంటే ఈపాటికి ఆ కంప్యూటర్‌ని నాలుగు తిట్టి దారిలో పెట్టేది.”

“ఊఁ.”

“వింటున్నావా?”

“ఏంటి నాన్నా? ఇక్కడ ఇదొకటి అర్థం కాక చస్తున్నా.”

“ఏం లేదులే. నీ పని చూసుకో... రాత్రి అన్నం తిన్నాక మీ అమ్మ కుర్చీ ఎదురుగా కూర్చుంటానే నేను. ఆ రోజు జరిగిందంతా చెబుతా. కూరలో ఉప్పు ఎక్కువైందనీ, పక్కింటాయన పలకరించలేదనీ. ఎవరైనా వింటే పిచ్చెక్కిందనుకుంటారని టీవీ పెట్టుకుని మరీ చెబుతా.”

“ఊఁ.”

“చెప్పకపోతే నిద్ర పట్టదు. మరి రేపట్నించి తనకెలా చెప్పాలో తెలియట్లేదు. టైపు కొట్టి చూపించనా? కళ్లజోడు లేకపోతే ఒక్క అక్షరం కనపడేది కాదు మనిషికి. ఆ కళ్లజోడేమో బీరువాలో ఉండిపోయింది.”

“...”

“పిట్టా?”

“ఊఁ, ఊఁ. ఇదిగో, మళ్లీ అదే ఎర్రర్.”

“పాపం, దాంతో నీకెంత బాధో. నిజం చెప్పనా? నాకిది చేయించుకోవాలని లేదే.”

“ఊఁ.”

“ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ పోదామనుంది. డాక్టరు ఆ కాగితం ముందు పెట్టినప్పుడు వద్దందామనే నోరు తెరిచా. నీ మొహం చూశా. చిన్నప్పుడు బస్టాండులో తప్పిపోయావే, నేను మైకులో పిలిస్తే పరిగెత్తుకొచ్చావే, అప్పటి మొహం. ఇంకేం అంటాను? సంతకం పెట్టేశా.”

“...”

“నువ్వు ఒక్కసారి ‘నీ ఇష్టం నాన్నా’ అని ఉంటే ఇంటికెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడన్నా వెళ్లిపోతా.”

“...”

“పిట్టా?”

“ఆఁ? ఏమన్నావ్ నాన్నా?”

“ఏం లేదు. దాహంగా ఉందన్నా.”

“ఆపరేషన్ అయ్యేదాకా నీళ్లు తాగకూడదు నాన్నా.”

“అవునుగా, మర్చిపోయా. కళ్లు తుడుచుకుంటున్నావేం?”

“స్క్రీన్ చూసి చూసి మండుతున్నాయి.”

“పెద్దాయనా, టైమైంది. ఇలా ఈ స్ట్రెచర్ మీదికి రండి. మెల్లగా.”

“వస్తున్నా సిస్టర్. అయ్యో, దీని పని కాలేదే. పిట్టా, ఒక్క మాటైనా ఎక్కలేదా?”

“లేదు నాన్నా.”

“పోనీలే. దానికోసం ఏడుస్తారటే? సైగలు చేసుకుందాం. నీకు మాటలు రాకముందు మనిద్దరం చేసింది అదేగా.”

“నాన్నా...”

“ఏమ్మా?”

“నీ...”

“చెప్పు తల్లీ.”

“నీ చెప్పులు నేను తీసి జాగ్రత్త చేస్తాలే. వెళ్లు నాన్నా.”

స్ట్రెచర్ వరండాలోకి వెళ్లింది. కాసేపటికి ఫోన్ మోగింది.

“మీటింగ్ ఇప్పుడే అయింది. చెప్పు, ఆ ఎర్రర్ సంగతి ఏమైంది?”

“నువ్వు లైన్లో ఉండగానే పోయిందే.”

“పోయిందా? మరి రాలేదన్నావ్?”

“మైకు పనిచేస్తోందని తెలిస్తే మళ్లీ బస్సులు పిలుస్తాడుగా. అందుకే ఎక్కలేదని అబద్ధమాడా. అప్పట్నించీ రికార్డవుతూనే ఉంది.”

“మహాతల్లివే! సరిపోయాయా మాటలు?”

“సరిపోయాయట. అచ్చం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. నేను వినట్లేదని నమ్మి మాట్లాడాడు.”

“మరెందుకే ఆ ఏడుపు? ఆయన బయటికొచ్చాక వినిపించు, మురిసిపోతాడు.”

“వినిపించలేను. ఆపరేషన్ వద్దన్నాడే. నాకోసమే ఒప్పుకున్నాడట. ‘నీ ఇష్టం’ అంటే ఇప్పుడన్నా ఇంటికెళ్లిపోతానన్నాడు.”

“అయ్యో! నువ్వేమన్నావ్?”

“విననట్టు ఊరుకున్నా.”

“లోపలికి తీసుకెళ్లిపోయారా?”

“ఇంకా లేదు. థియేటర్ తలుపు దగ్గరే ఉంచారు. ఇక్కడికి కనిపిస్తున్నాడు. తల తిప్పి ఇటే చూస్తున్నాడు.”

“అయితే పరిగెత్తవే! విన్నానని చెప్పు. ఇంకా ఎందుకు నిలబడ్డావ్?”

“చెబితే మా నాన్న ఇంటికొచ్చేస్తాడే. ఇంటికొస్తే బతకడు.”