చొక్కా గుండీల గాలం

ఆ దారం కాస్త పక్కన పెట్టి ఇలా రా తల్లీ. ఏమడిగావ్? నువ్వు గాలం కర్ర కట్టుకుంటుంటే నేనెందుకు నోరు మెదపట్లేదనా? చూడూ, నాలో ఒక మంచి గుణం ఉంది. నేను చేసిన పనిని నేనే మెచ్చేసుకుంటాను, ఎదుటివాళ్ళకి ఆ శ్రమ లేకుండా. చొక్కా కుడితే హ్యాంగరుకి తగిలించి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసేవాణ్ణి. పరోపకారం అనుకో. ఆ పరోపకారమే మీ అమ్మమ్మ వాళ్ళ నాన్న పరువు తీసింది. అదే, మా మామగారు. నువ్వు పుట్టేనాటికే పోయారు, నీకేం తెలుసు.

సెలూన్ ఉండేది ఆయనకి. గొంతుకి కత్తి ఆనించి కబుర్లు చెప్పేవారు, మధ్యలో కాదనడానికి ఎవడికి ధైర్యం? ఏ కబురైనా తిరిగి తిరిగి చేప దగ్గరికే. "నా గాలానికి పడ్డ చేప తప్పించుకుందని ఎవడైనా అంటే వాడికి జన్మంతా ఊరికే గడ్డం గీస్తా!" నన్నేమో, పెళ్ళై ఏళ్ళు గడిచినా అల్లుడని పిలవలేదు. "టైలరూ, కాఫీ తాగుతావా? టైలరూ, గొడుగు తీసుకెళ్ళు." మీ అమ్మమ్మ ఉడుక్కునేది: "నాన్నా, ఆయనకో చుట్టరికం కూడా ఏడిసింది కదా!"

అందుకని, ఆయనకో గాలం కర్ర నా చేత్తో కట్టి ఇద్దామని బుద్ధి పుట్టింది. ఎర గుచ్చే మామూలు గాలం కాదు. ఈకలతో చేసిన ఉత్తుత్తి ఈగని నీళ్ళ మీద ఆడిస్తారే, ఆ రకం. సన్నగా, కొరడాలా వంగాలి. ఇంట్లోనే, భోజనాల బల్ల మీదే కట్టా. బెండు ముక్కలు అతికించి పిడి చేసి, గరుకు కాగితంతో అరగదీశా. మీ అమ్మమ్మ కూరలోంచి బెండు పొట్టు ఏరుకుంటూ నా వంశాన్నంతా తలుచుకుంది. ఇక తాడు నడిచే రింగులు. అక్కడే మన పనితనం. టేపు పట్టి, కింది నుంచి కొస దాకా సమాన దూరంలో పెట్టి, దారం చుట్టి, వార్నిష్ కొట్టా. వెంట్రుకవాసి తేడా లేదు. అచ్చం చొక్కాకి గుండీలు కుట్టినట్టు. గోడకి ఆనించి చూసుకుని, మళ్ళీ చూసుకుని... సరేలే.

ఇచ్చా. మామగారు అటూ ఇటూ తిప్పి చూశారు. రింగుల దగ్గర వేలు కాస్త ఆగినట్టే ఉంది. మర్నాటి నుంచి సెలూన్లో ఒకటే పాట. "మా అల్లుడు కట్టాడయ్యా! ఆ దారం చుట్టడం చూడు!" అల్లుడు! సరిగ్గా విన్నానో లేదోనని సందు మొగలో నిలబడి మళ్ళీ విన్నా.

సెలవు రోజున అందరూ ఏటి ఒడ్డున చేరారు. మామగారి చేతిలో నా కర్ర, వెనకాల నేను, పెళ్ళికొడుకులా. పడింది చేప, ఇంత లావున. కొస దగ్గర కూడా రింగులు అంతే ఎడంగా ఉండేసరికి బరువంతా ఒక్కచోటే పడింది. కర్ర ఫట్మంది. చేప పోయింది. సెలూన్ పక్క బేకరీ ఆయన ఊరుకుంటాడా? "ఏంటి గురువుగారూ, అల్లుడుగారి పనితనమేనా?" నేను నోరు తెరిచేలోపు మామగారు బూటుతో నా కాలు తొక్కారు. "ఛ, అది ఇంట్లో ఉంది. ఇది నేను కట్టుకున్నది."

తిరిగొస్తుంటే దారిలో ఒక్కటే మాట: "పైకి పోయేకొద్దీ దగ్గర పడాలి అల్లుడూ. చొక్కా కాదుగా." అంతే.

ఆ తర్వాత సెలూన్లో చూడాలి! కుర్చీలో కూర్చున్నవాడల్లా మెడ తడుముకోవడమే. "గురువుగారూ, కర్ర కట్టిన చేతులు ఇవేనా? నా చెవులు జాగ్రత్త!" కొందరు నిజంగానే ఎదురు షాపుకి పోయారు. మంచి చెయ్యి అన్న పేరు తప్ప ఆయనకి ఇంకేముంది చెప్పు? ఉండబట్టలేక వెళ్ళి, జనం నిండుగా ఉండగా చెప్పేశా. "అది కట్టింది నేను. తప్పు నాది." బేకరీ ఆయన మొహం నిండా నురగతోనే లేచొచ్చి నన్ను కావలించుకున్నాడు. "చూశారా! అల్లుడంటే ఇలా ఉండాలి! మామ తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు!" చప్పట్లు కూడా కొట్టారు తల్లీ. కాదు మొర్రో అన్నకొద్దీ ఇంకా మంచివాణ్ణయిపోయా. మామగారు అద్దంలోంచే నన్ను చూసి, కత్తి తుడుచుకుంటూ, "వెళ్ళు అల్లుడూ, వెళ్ళి నీ మిషను చూసుకో" అన్నారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నురగ చొక్కాతోనే వీధిన పడ్డా.

పోయేదాకా అలాగే పిలిచారు, అల్లుడూ అని. ఎంతో ఆశపడ్డ పిలుపు కదా, వినపడితే చాలు తల దించుకునేవాణ్ణి.

ఏంటీ? ఎంతెంత దగ్గరగా పెట్టాలా? అదే తల్లీ... ఆయన్ని అడగాల్సింది. అడిగితే ఆ సంగతి ఎత్తినట్టవుతుందని అడగలేదు. నాకు ఇప్పటికీ తెలీదు.