అంచు కొరికిన ఇనప మూకుడు

కొండను పాండాలకు వదిలేసి, చైనాలోని ఆ సిచువాన్ పల్లె జనం కిందికి దిగిపోతున్న రోజది. ముసలాయన ఆఖరి మూట లారీలో పడేసి వంటింట్లోకి తొంగిచూశాడు.

"పొయ్యి మీద ఇనప మూకుడు మర్చిపోయావే."

"మర్చిపోలేదు. వదిలేశాను," అంది ముసలామె.

"పాండా అంచు కొరికిందనా? వెదురు పూసి ఎండిపోయిన ఏడు, పాపం ఆకలికి లోపల దూరి అడుగంటిన గంజి నాకింది. నువ్వేమో భయపడి అటకెక్కావు."

"అటక మీద నాకంటే ముందు నువ్వున్నావులే. ఆ చలికాలమంతా దానికి గంజి కాచిందెవరు?"

"నువ్వే, నా వాటాలోంచి."

"మళ్లీ వెదురు పూస్తే దాని పిల్లలు దిగొస్తాయయ్యా. మనం ఉండం కదా."

ముసలాయన దారిలో తాగుదామని పట్టుకున్న మొక్కజొన్న గంజి మూకుట్లో ఒంపి, తలుపు గడియ పెట్టకుండా వచ్చి లారీ ఎక్కాడు.