తేదీ వెయ్యని రెండు నెలలు

(అక్క ఆఫీసు కింద పార్కింగు. భోజనాల వేళ చెల్లెలు చెప్పాపెట్టకుండా వచ్చింది.)

“ఒట్టెయ్యి అక్కా. నా కడుపు సంగతి బయట చెప్పింది నువ్వు కాదూ?”

“నేనెందుకు చెప్తానే! నాకేమన్నా మతి పోయిందా?”

“కడుపొచ్చిందనీ, ఎనిమిదో వారానికే పోయిందనీ తెలిసింది మా ఆయనకీ నీకూ మాత్రమే. ఆయన చెప్పలేదు.”

“ఇంతకీ ఏమైందో చెప్పవే తల్లీ.”

“పార్సెల్ వచ్చింది, నా పేరు మీద. పసిపిల్లల టోపీ, బుల్లి సబ్బు, ‘కాబోయే అమ్మకు’ అని కార్డు. మా అత్తగారే విప్పింది. పొద్దుట్నించీ చుట్టాలందరికీ ఒకటే ఫోన్లు. ‘దొంగా, దాచావు కదూ’ అంటూ నా బుగ్గలు పుణుకుతోంది. పోయి మూడు నెలలైందని ఏ నోటితో చెప్పను?”

“అయ్యో...”

“ఏంటి, అయ్యో అని నేల చూపులు చూస్తావు? నీకేదో తెలుసు.”

“నీ ఫోన్లో... ఆ నెలసరి యాప్ ఇంకా ఉందా?”

“నువ్వు పెట్టిందేగా! ‘తేదీలు వెయ్యవే, నా పనికి ఉపయోగం’ అన్నావు, వేశాను. కడుపొచ్చాక మానేశాను. పోయాక దాని మొహం కూడా చూడలేదు. ఏం, అదేం చేసింది?”

“రెండు నెలలు తేదీ వెయ్యకపోతే కడుపుతో ఉన్నట్టు రాసుకుంటుంది. పేరూ అడ్రసుతో సహా ఆ జాబితా పిల్లల సామాన్ల కంపెనీలకి వెళ్తుంది.”

“మానేసిన ప్రతిదానికీ కడుపేనా? ఏ తలమాసినవాడు చెప్పాడు వాళ్ళకి?”

“అదీ... అదంతా పెద్ద కథలే.”

“అక్కా. ఎవరు చెప్పారు?”

“నేనే. ఆ యాప్‌కి మార్కెట్ ఎలా ఉంటుంది, ప్రమాదాలేంటి అని రిపోర్టు రాసింది నేనేగా. తేదీలు ఆపేసినవాళ్ళ జాబితాకి మంచి గిరాకీ ఉందని రాశాను. ప్రమాదం దగ్గర ‘తక్కువ’ అని పెట్టాను.”

“సర్లే. నాకిలా అవుతుందని నువ్వు మాత్రం కలగన్నావా?”

“అలా అనకే. నువ్వలా అంటే ఇంకా సిగ్గుగా ఉంది.”

“ఏడవకు, ఎవరన్నా చూస్తారు. ముందు మా అత్తగారికేం చెప్పాలో చూడు.”

“ఆ రిపోర్టులో ఉదాహరణ నువ్వేనే. పేరు లేదు కానీ తేదీలన్నీ నీవే. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి ‘పోయిందక్కా’ అని నువ్వు ఏడ్చిన రోజుకి అది ఇంకా నా టేబుల్ మీదే ఉంది. మర్నాడు పొద్దున్నే ఒక్క అక్షరం మార్చకుండా పంపేశాను.”