శనివారానికి గౌను

ఇలోయిలో, ఫిలిప్పీన్స్. మేడమీది అద్దె ఇంటి వంటగది. తమ క్రైస్తవ సంఘం పంపగా యూటా నుంచి వచ్చి ఇక్కడ మతప్రచార సేవలో ఉన్న దంపతులు డియాన్, గార్త్. వాళ్ళని చూడ్డానికి వచ్చిన కూతురు జనెల్.

"ఆ గౌను ఎవరికమ్మా?"

"ఏ గౌను?"

"నీ ఒళ్ళో ఉన్నది. సూది గుచ్చి ఉన్నది."

"ఇదా. అంచు కుడుతున్నా."

"ఎవరికి అని అడిగా."

"వేసుకునేవాళ్ళకి. ఆ కత్తెర ఇటివ్వు జనెల్."

"తెల్లది. పొడుగు చేతులు. మెడ దాకా మూసి ఉంది. బాప్తిస్మం గౌనే కదా?"

"మరి వంటకి కట్టుకునేదిలా ఉందా?"

"నాకు సరిపోయేదిలా ఉంది. అదీ నా భయం."

"నీకా. నీకు పొడుగు చాలదు."

"అంటే కొలిచి చూశావన్నమాట."

"కన్నదాన్ని. నీ పొడుగు నాకు తెలీదా?"

"పోయిన నెల ఫోన్‌లో నా సైజు ఎందుకడిగావు?"

"ఎందుకంటే... ఇక్కడ బజార్లో చొక్కాలు బాగుంటాయి. ఒకటి కొందామని."

"కొన్నావా?"

"కుదర్లేదింకా."

"ఇంతలో ఈ గౌను మాత్రం కుదిరింది."

"ఏంటి, తల్లీకూతుళ్ళు అప్పుడే మొదలెట్టారా? డియాన్, పాత తువ్వాళ్ళు ఎక్కడ పెట్టావు?"

"కుర్చీ మీద ఉన్నాయి గార్త్. ఆ ఎల్డర్ కుర్రాళ్ళు వచ్చారా?"

"కింద ట్రైసికిల్ బండి ఆపి ఉంచారు. చర్చికి వెళ్ళి బాప్తిస్మం తొట్టి కడిగి, నిండడానికి కుళాయి తిప్పి వస్తాం. ఈ ఊరి కుళాయి చూశావుగా జనెల్? మన ఎర్రావు పాలు ఇంతకన్నా జోరుగా ఇచ్చేది."

"బాప్తిస్మం శనివారం కదా నాన్నా. ఇవాళే ఎందుకు?"

"కడిగితేగానీ తెలీదు, లోపల ఏముందో. మొన్న బల్లి పడింది. దానికీ బాప్తిస్మం అయిపోయిందన్నాడు ఎల్డర్ ఫినౌ."

"ఎవరికి నాన్నా ఈసారి? బల్లికి కాకుండా?"

"మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"అయితే ఆవిడే చెప్తుంది. మధ్యలో నాకెందుకు?"

"సరే. అమ్మని వదిలి వెళ్తున్నావేంటి? సేవలో ఉన్నన్నాళ్ళూ ఒకరి కంటికొకరు కనపడుతూ ఉండాలని నువ్వే కదా, విమానాశ్రయంలో ఆవిణ్ణి మగాళ్ళ బాత్రూం గుమ్మం ముందు నిలబెట్టావు?"

"నియమం అంటే నియమమే. ఇప్పుడు నాకు ఎల్డర్లు తోడు, మీ అమ్మకి నువ్వు తోడు. ఎవరూ ఒంటరిగా లేరు. పైగా నీతో విడిగా మాట్లాడాలని మీ అమ్మ ఎన్నాళ్ళ నుంచో అంటోంది. నేనూ దాని కోసమే రోజూ ప్రార్థన చేస్తున్నా."

"దేని కోసం?"

"మంచి కోసమే తల్లీ. డియాన్, గౌను అయిపోతుందా?"

"అవుతుంది. నువ్వు వెళ్ళు. మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకో."

"చూసుకుంటాలే. మాట్లాడుకోండి, మాట్లాడుకోండి. మాకు తొందరేం లేదు."

"తలుపు వెయ్యి జనెల్."

"ఎందుకు?"

"వెయ్యమన్నాగా. కిటికీలోంచి చూడు, ట్రైసికిల్ కదిలిందా?"

"కదిలింది. నాన్న గొడుగు మర్చిపోయాడు. ఇక్కడే ఉంది."

"పోనీలే. కూర్చో."

"కూర్చోను. ముందు నేనడిగేదానికి జవాబు చెప్పు. నిన్న రాత్రి ఆ ఎల్డర్ కుర్రాళ్ళు అటుగా వెళ్తూ ఊరికే వచ్చారన్నావు."

"వచ్చారు కదా."

"వాళ్ళు రాకముందే బల్ల మీద వాళ్ళ పళ్ళేలు ఉన్నాయి."

"పొరపాటున పెట్టా."

"పొద్దున కూడా పొరపాటేనా? కాళ్ళకి చెప్పులు తొడుక్కునేలోపే గుమ్మంలో ఉన్నారు. అందులో ఆ పొట్టివాడు నాకు సంఘం పుస్తకం ఇవ్వబోయి, నీ మొహం చూసి ఆగిపోయాడు."

"ఇవ్వొద్దని చెప్పా వాడికి."

"ఎప్పుడు ఇవ్వాలో చెప్పలేదా?"

"అసలు ఇవ్వొద్దన్నా."

"నమ్మమంటావా? నేను సంఘం వదిలేశానని పాలకొట్టంలో నాన్నతో చెప్పి ఎన్నేళ్ళయింది? అప్పట్నుంచి పుట్టినరోజుకి నాకు వచ్చిన బహుమతులన్నీ ఆ పుస్తకమే. అట్ట రంగు మారుతుంది, అంతే. ఇప్పుడేమో 'ఊరికే ఒకసారి రా, చూసి చాలా రోజులైంది' అన్నావు. వస్తే తొట్టి కడుగుతున్నారు."

"తొట్టి నీ కోసం కాదు."

"గౌనో?"

"నువ్వు తెచ్చిన ఆ డబ్బాలో ఏముంది? పెట్టె తీస్తుంటే వాసనొచ్చింది."

"మాట మార్చకు. సబ్బు."

"సబ్బుని వేణ్ణీళ్ళలో కలుపుకుని తాగావా పొద్దున?"

"సరే, కాఫీ. మీ సంఘం ముట్టుకోవద్దనే కాఫీనే. తాగా. వాకిట్లో తాగా, ఇంట్లో కాదు. ఇక కానీ, ఏడువు."

"ఏడవట్లేదు. ఎలా ఉంటుంది?"

"ఏది?"

"దాని రుచి."

"అమ్మా, ఇదేం ప్రశ్న?"

"ఊరికే. వాసన బాగుంటే రుచీ బాగుండాలి కదా."

"చేదుగా ఉంటుంది. ఇది కొత్త పద్ధతా? ముందు మెత్తగా మాట్లాడి, తర్వాత పట్టుకోవడం?"

"నీకు అన్నీ వలల్లాగే కనపడతాయి."

"వలలు అల్లే ఇంట్లో పుట్టాను కదా. చెప్పమ్మా. ఆ గౌను నాదైతే ఇప్పుడే చెప్పు. టికెట్టు మార్చుకుంటా. అరవను, గొడవ పెట్టను. వెళ్ళిపోతా, అంతే."

"మార్చుకోకు."

"అది జవాబు కాదు."

"మెర్లిందాది."

"ఎవరు మెర్లిందా?"

"కింద పాకం పట్టిన అరటిపళ్ళు పుల్లలకి గుచ్చి అమ్ముతుందే, ఆవిడ."

"ఆవిడా? నాకు రెండు పుల్లలు ఊరికే ఇచ్చింది నిన్న."

"ఒళ్ళు నీ ఒళ్ళే. పొట్టి మనిషి, అందుకే అంచు మడిచి కుడుతున్నా. నమ్మకపోతే కిందికెళ్ళి అడుగు."

"అయితే నాన్న ప్రార్థన దేనికి?"

"నువ్వు తిరిగొస్తావని. నేను నీ మనసు మారుస్తానని అనుకుంటున్నాడు."

"ఎందుకనుకుంటున్నాడు?"

"నేనే అనుకోనిచ్చా."

"చూశావా. చెప్పానా?"

"లేకపోతే నన్ను వదిలి వెళ్ళడు జనెల్. నియమం. ఆ కుర్రాళ్ళకి ముందే పళ్ళేలు పెట్టింది కూడా అందుకే. తిన్న విశ్వాసం ఉంటుంది, పిలిస్తే వస్తారు. వాళ్ళుంటే మీ నాన్నకి తోడు దొరుకుతుంది. అప్పుడు గడప దాటతాడు."

"ఆగు, ఆగు. నాన్నని బయటికి పంపడానికి ఇంత చేశావా?"

"ఇక్కడికొచ్చాక నేను ఒక్కదాన్నే ఉన్నది స్నానాల గదిలోనే. అక్కడికీ వచ్చి తలుపు కొడతాడు, పడ్డావా అని."

"మరి ఫోన్‌లో నా సైజు?"

"ఫోన్ పెట్టేస్తానన్నావు. పక్కన మీ నాన్న ఉన్నాడు. నువ్వు ఇంకాసేపు ఉండాలంటే ఏదో ఒకటి అడగాలి కదా."

"నీకు ఒంట్లో బాలేదా?"

"గుర్రంలా ఉన్నా."

"నాన్న ఏమైనా అన్నాడా?"

"ఆయనేమంటాడు పాపం. ఇప్పటికీ పడుకునే ముందు నా బూట్లు తుడిచి పెడతాడు."

"మరేంటమ్మా? చెప్పు."

"మెర్లిందా వాళ్ళమ్మకి ఇది ఇష్టం లేదు. ఈ నీళ్ళలో మునిగితే నా గడప తొక్కొద్దంది. దాంతో మెర్లిందా నా దగ్గరికొచ్చింది. ఇక్కడే, ఆ కుర్చీలో కూర్చుంది. 'సిస్టర్, ఇదంతా నిజమని మీకు తెలుసా?' అని అడిగింది."

"అడిగితే?"

"నెలనెలా చర్చిలో మనం లేచి నిలబడి చెప్పేదే కదా, 'నాకు తెలుసు' అని. నీకు మాటలు సరిగ్గా రాకముందే నీ చెవిలో నేనందిస్తే, నువ్వు మైకులో చెప్పేదానివి."

"గుర్తుంది. మైకు నా నోటికి అందేది కాదు. నువ్వు వంచేదానివి."

"అలాగే చెప్పా. నోరు దానంతటదే చెప్పింది. 'నమ్ముతున్నారా' అనలేదు జనెల్ ఆవిడ. 'తెలుసా' అంది."

"చెప్పావుగా మరి."

"'మీకు తెలిస్తే చాలు సిస్టర్, నేను వేరే అడగను' అని లేచి కొలతలిచ్చి వెళ్ళింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కింద నుంచి చెయ్యి ఊపుతుంది."

"మంచిదేగా. మీరొచ్చింది దీనికే కదా. ... అమ్మా? అమ్మా, సూది గుచ్చుకుంది నీకు. వేలు చూడు."

"గౌను మీద పడిందా?"

"లేదు. ఇటివ్వు, పక్కన పెడతా."

"వద్దు. రాత్రిలోపు తీసుకోడానికి వస్తుంది. ఇవ్వాలి. లేకపోతే... ఏదో ఒకటి చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"నువ్వు పాలకొట్టంలో మీ నాన్నతో చెప్పావు చూడు, ఆ రోజు."

"మళ్ళీ అదా. నేను ఆయన్ని ఏడిపించాలని చెప్పలేదు. ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"తప్పు పట్టట్లేదు. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నా అప్పుడు. మీరు కనపడ్డారు కానీ మాట వినపడలేదు. నువ్వేదో అన్నావు. ఆయన బకెట్టు కింద పెట్టాడు. నీ తల మీద చెయ్యి వేశాడు. తర్వాత ఏడ్చాడు. ముందు చెయ్యి వేశాడు."

"వేశాడు. అయితే?"

"తర్వాత ఆయన్ని అడిగితే ఎప్పుడూ చెప్పలేదు, నువ్వేమన్నావో."

"ఎందుకమ్మా ఇప్పుడది?"

"మీరు అయిదుగురు. నలుగురూ సేవకి వెళ్ళారు, వచ్చారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని తెల్లబట్టల్లో నిలబెట్టి ఫొటోలు పంపుతున్నారు. బంగారం లాంటి పిల్లలు. వాళ్ళనడిగితే ఏం చెప్తారు? వాళ్ళకి రాదు."

"ఏం రాదు?"

"కింద చప్పుడైంది. చూడు."

"ట్రైసికిల్. నాన్నే, దిగుతున్నాడు. గొడుగు కోసం వచ్చినట్టున్నాడు. అమ్మా, ఏం రాదంటున్నావు వాళ్ళకి?"

"ఆయన మెట్లెక్కేలోపు చెప్పు. ఆ రోజు మొట్టమొదటి మాట ఏమన్నావు? నేనూ మీ నాన్నతో అదే అంటా."