నవ్వులగ్యాసు పీల్చిన అంబాసిడరు

మాలకొండయ్య లేడూ, పెళ్ళికూతుళ్ళని తన అంబాసిడర్లో అత్తారిళ్ళకి తోలేవాడు, ఆయనకి బామ్మర్ది వెంగళరావుతో పందెం పడింది. ఎవరి బండి ముందు కొండెక్కితే వాళ్ళు గెలిచినట్టు, ఓడినోడు ఆ యేడు పెళ్ళిళ్ళకి బండి తియ్యగూడదు. వెంగళరావుది కొత్త జీపు. "బావా, నీ ముసలిగేదెకి ముక్కుతాడేసి లాక్కుపో, అప్పుడన్నా కదులుద్దేమో" అన్నాడంట. ఈయనకి రోషమొచ్చింది. పెళ్ళిళ్ళు పోతే ఏడాదంతా పస్తే గదా. మెకానిక్కు మస్తాను దగ్గరికి పోతే, అతను కార్లో ఓ సిలిండరు బిగించాడు. నైట్రస్సంట. పళ్ళ డాక్టరు నొప్పి తెలవకుండా పీల్పిస్తాడే, ఆ నవ్వులగ్యాసు. "ఇది ఇంజను లోపలికి పోతే మంట రేగుద్ది, బండి పరిగెత్తుద్ది, కానీ గ్యాసుతో పాటు పెట్రోలు కూడా ఎక్కువ పొయ్యాల మామా, అందుకే ఈ రెండో గొట్టం పెట్టా, అది లేకపోతే ఇంజను తన్ను తానే తినేసుద్ది" అని మస్తాను మరీమరీ చెప్పాడంట. ఈయన తలూపాడు. తలూపడం ఎంతసేపు. ఈయనెవరనుకున్నారు, బండలాగుడు పందేల్లో ఎడ్లని తోలినోడు. పందెం పొద్దున ఎద్దుకి కడుపునిండా మేత ఎవడన్నా పెడతాడా? పెడితే బరువెక్కి కూలబడుద్ది. అందుకని గ్యాసు దండిగా వదిల్దాం, పెట్రోలు మాత్రం మట్టుగా పెడదామని ఆ రెండో గొట్టంలో గుడ్డ కుక్కాడు.

తెల్లారింది. కొండంతా సాంబ్రాణి పొగలాగా మంచు. జీపు ముందుకు పోయింది, ఈయన గ్యాసు మీట నొక్కాడు. నొక్కంగానే, నమ్మితే నమ్మండి లేకపోతే లేదు, కారు నవ్వింది. ముందు కిసుక్కున, ఆపైన పెళ్ళికొచ్చిన మేనత్త లాగా పొట్ట పట్టుకుని. నవ్వీ నవ్వీ టైర్లు రోడ్డుని వదిలేసినయ్యి. చప్పుడు లేదు, కుదుపు లేదు, దూదిలో పోయినట్టు పోతా ఉందనుకో. కింద పొగాకు చేలు చాపలు పరిచినట్టు, జీపేమో చీమంత. ఏనాడో ఆ కార్లో ఏడ్చుకుంటా పోయిన పెళ్ళికూతుళ్ళందరూ వెనకసీట్లో కూచుని నవ్వతా ఉన్నారంట, మల్లెపూల వాసన కూడా వచ్చిందంట. ఇట్టాగే ఉండిపోతే బాగుండు అనుకున్నాడు. అనుకున్నాడో లేదో, నవ్వు దగ్గయింది, దగ్గు నల్లపొగయింది. ఎండుటాకు మాదిరి తిరుక్కుంటా తిరుక్కుంటా దిగి, కొండ కొసకి ఇవతలే ఆగిపోయింది. జీపు పక్కనించి నెమ్మదిగా ఎక్కేసింది. వెంగళరావు గెలిచి కూడా ఎగతాళి చెయ్యలా, నడుచుకుంటా దిగొచ్చి బావ పక్కన కూచున్నాడు. "ఎట్టుంది బావా పైన?" అన్నాడంట. "ఆకలి తెలవలేదురా" అన్నాడు ఈయన.

ఆ యేడు పెళ్ళికూతుళ్ళందరూ జీపులోనే పోయారు. ఆ గ్యాసు ఇంజన్ని పాడుజేసుద్దా అని నన్నడిగితే, గ్యాసొక్కదాన్నే తిట్టబాకండి, పస్తుపెట్టి పరిగెత్తిస్తే ఏ ఇంజనైనా చస్తాది. మస్తాను ఇప్పి చూస్తే లోపల పిస్టన్లు తాటిబెల్లం లాగా కరిగిపోయినయ్యంట. నేను ఊరికే నమ్మే రకం కాదు గదా, పోయి ఏలు పెట్టి నాకి చూశా. తియ్యగా మాత్రం లేవు.