మంద కూసున్న జాగ

వానలు పడ్డ పదో రోజు. తాడ్వాయిలో సాలవ్వ ఇంటికి ఆమె అన్న హన్మండ్లు పొద్దున్నే వచ్చాడు.

“ఏలుముద్ర ఒక్కటే చెల్లె. అర్ధగంట పని. లే, ఎల్లారెడ్డి బస్సు పోతది.”

“పోనీ. చాయ తాగు. అన్నా, నిన్న నేను బీడుకు పోయిన.”

“ఏ బీడు?”

“నాకు ఎన్ని బీడ్లున్నయి? బాపు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. నీ పేరు మీదికి పోయేముందు ఒక్కపారి చూసొద్దామని పోయిన.”

“గంత దూరం ఒక్కదానివి ఎందుకు? పొరక గడ్డి కావాల్నంటే నేను తేనా? మూడేండ్ల సంది నేనే తెస్తలేనా?”

“తెస్తున్నవ్. కట్టలు కట్టి ఇంటి ముంగట ఏస్తున్నవ్. మా అన్న అసుంటి అన్న లేడని వాడకట్టంత చెప్పుకున్న.”

“మరింకేంది?”

“బీడు కింది భాగంల పొరక ఒక్క పోస లేదన్నా. గరక మోకాలెత్తు ఉన్నది. తోటకూర, ఉమ్మెత్త. యూరియ చల్లినట్టు నల్లగున్నది.”

“ఈసారి వాన మంచిగ పడ్డది గద.”

“మిట్ట మీద పడలేదా? ఆడ ఎప్పటి లెక్క సన్న పొరకనే.”

“మిట్ట మీద నీళ్లు నిల్వయి, కిందికి జారుతయి. గది నీకు తెల్వదా?”

“తెలుసు. నా చిన్నప్పటి సంది కిందనే నిలుస్తున్నయి. నిలిచినా పొరకనే మొలిచేది. ఒట్టి నీళ్లకు ఉమ్మెత్త గంత ఏపుగ రాదు.”

“పంతులమ్మ లెక్క అడుగుతున్నవేంది? బస్సు...”

“గొర్రె పెంటికలు మిట్ట మీద గూడ ఉన్నయి, కింద గూడ ఉన్నయి. మిట్ట మీద ఎరువుండి నీళ్లు లేవు. కింద రెండూ కూడినయి. మంద నడుమ పెరిగినదాన్ని, మంద కూసున్న జాగ నాకు తెల్వదా?”

“ఒక రాత్రి... గాంధారి దిక్కు పోతుంటే ఒక రాత్రి ఆపిన.”

“ఒక రాత్రికి గంత నలుపు రాదు. మూడు ఎండకాలాలు ఆపినవ్. నీ కాళ్లు మొక్కి అడిగిన గద అన్నా, నా బీడుల నీ గొర్ల మంద పెట్టు, ఎరువైతది, మక్క ఏసుకుంటనని. ఏమన్నవ్?”

“ఏమన్న?”

“రాళ్ల చెల్క, మంద పెట్టినా దండుగ, నాకిచ్చెయ్యి అన్నవ్. సరేనన్న. నా తోడబుట్టినోడు అబద్ధమాడడని.”

“చాయల చక్కెర ఎక్కువేసినవ్.”

“మాట తిప్పకు, చెప్పు. రాళ్లన్ని ఏరి, నీళ్లు నిల్వనీకి అడ్డం కట్ట పోసి ఉన్నది. నడుము నొప్పని నువ్వు బిందె గూడ ఎత్తవు. ఎవరు పోసిండ్రు?”

“ఎవరో పోసిండ్రు తియ్యి.”

“ఆ సిరాల నా ఏలు ముంచ. పో.”

“చెల్లె, గిది నేనొక్కణ్ణి అనుకున్నది గాదు.”

“ఇంకెవరు? వదిననా?”

“వదిన పేరు తియ్యకు. దానికేం తెల్వదు.”

“మీ బావ రానీ. ఏటా ఎండకాలం డోంగ్లికి వలస పోయి మట్టి పని చేసి చేసి చేతులు పుండ్లయినయి ఆయనకు. వచ్చినంక పంచాయితి పెట్టిస్త.”

“పంచాయితి ఎందుకు? బావ... ఆఫీసు కాడనే ఉన్నడు.”

“ఏ ఆఫీసు?”

“ఎల్లారెడ్డిల. సాక్షి సంతకానికి.”

“డోంగ్లికెల్లి ఎన్నడొచ్చిండు?”

“పోతే గద వచ్చేది. డోంగ్లికి ఎన్నడు పోలేదు చెల్లె. మూడేండ్లు మంద కాడ పండుకున్నది బావనే. కట్ట పోసింది బావనే. భూమి నీ పేరు మీదుంటే ఆయనకేమున్నది? నా పేరు మీదికి వచ్చినంక సగం ఆయనకు రాసియ్యాలెనని... చెల్లె. సాలవ్వా.”

“ఏటేటా ఆయన గొంగడి ఉతికిన. ఎంత ఉతికినా గొర్రె వాసన పోకుంటుండె. పాపం, పరాయి ఊర్ల జాగ లేక ఎవరి గొర్ల దొడ్లెనో పండుతున్నడని, ఈసారి కొత్త గొంగడి కొని, డోంగ్లికి నీ చేతనే పంపిన గద అన్నా.”